పావుకిలో ధైర్యం

మా నాన్న పోయాక ఆయన వస్తువులు పంచుకునేటప్పుడు పెద్దగా పేచీలు రాలేదు. పుస్తకాలు నేను తెచ్చుకున్నాను. పడక్కుర్చీ తమ్ముడు పట్టుకెళ్లాడు. అమ్మ ఇత్తడి సామాను చెల్లెలికి చేరింది. పేచీ వచ్చింది ఒక్క రివాల్వర్ దగ్గరే.

గుమాస్తా ఇంట్లో రివాల్వరేమిటని అడుగుతారేమో. నాన్న విశాఖపట్నం పోర్టులో ఓడల మీద సరుకు ఎత్తి దించే ఒక స్టీవ్‌డోరింగ్ కంపెనీలో కేషియర్. అరవైల్లో కళాసీలకు కూలి నోట్ల రూపంలో చేతికే ఇచ్చేవారు. కూలి రోజున బ్యాంకు నుంచి హార్బరు దాకా డబ్బు సంచీ ఒళ్లో పెట్టుకుని జీపులో వెళ్లే మనిషికి ఏదో ఒక ఆయుధం ఉండాలని కంపెనీ వాళ్లే ఆయన చేత దరఖాస్తు పెట్టించారు. అలా వచ్చింది ఆ అమెరికా తయారీ హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్. పాయింట్ 22 రకం, ఆరంగుళాల గొట్టం, తొమ్మిది తూటాలు పడతాయి. నాకు తెలిసినంతలో ఆయన దాన్ని ఏ మనిషి మీదకీ ఎత్తలేదు. ఆర్నెల్లకోసారి ఆదివారం పూట పాత ధోవతి ముక్క పరిచి, దాన్ని ఊడదీసి, నూనె రాసి తుడిచేవారు. ఆ పూట ఆడపిల్లలం ఆ గదిలోకి రాకూడదు. తమ్ముడు రావచ్చు. అప్పటికి వాడికి ఏడేళ్లు, నాకు పదమూడు.

నేను తుపాకి పేల్చింది కాలేజీలో చేరాకే. ఎన్‌సీసీలో ఆడపిల్లల చేత కూడా పాయింట్ 22 రైఫిల్‌తో పేల్పించేవాళ్లు. బోర్లా పడుకోబెట్టి, దూరాన అట్ట నిలబెట్టి, తలకి ఐదు తూటాలు లెక్కపెట్టి ఇచ్చేవాళ్లు. ఆ తూటా భుజాన్ని గట్టిగా తన్నదు, చెవులు అదరగొట్టదు. కాల్చాక సన్నటి ఘాటు వాసన వేళ్లకు పట్టుకుని సాయంత్రం దాకా పోదు. ఇంటికొచ్చి నాన్నతో చెబితే నవ్వి, "నీకెందుకమ్మా అవన్నీ" అన్నారు. నా ఐదు తూటాలూ అరచేతంత జాగాలో పడ్డాయని చెప్పబోతున్నదాన్ని, అక్కడితో ఆగిపోయాను.

లైసెన్సు ఉన్న మనిషి పోతే ఆయుధం ఇంట్లో ఉంచుకోవడం నేరం. 1959 నాటి ఆయుధాల చట్టంలో 21వ సెక్షన్ ప్రకారం దాన్ని దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పజెప్పాలి. మేము డీలరు దగ్గర పెట్టాం. దాన్ని మళ్లీ ఇంటికి తెచ్చుకోవాలంటే వారసుల్లో ఒకరి పేరున లైసెన్సు కావాలి. 2016 ఆయుధాల నియమాలు ఈ విషయం వివరంగానే చెబుతాయి. లైసెన్సుదారు పోయాక చట్టబద్ధమైన వారసులు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆయన బతికుండగానే డెబ్బయ్యేళ్లు నిండినా, ఆయుధం పాతికేళ్లుగా తన దగ్గర ఉన్నా, తను పేరు రాసిన వారసులకు లైసెన్సు అడగవచ్చు. కొడుకు అని ఎక్కడా లేదు, వారసులు అని ఉంది. నాన్నకు ఆ అర్హతలు రెండూ ఎప్పుడో వచ్చాయి. అయినా ఎవరి పేరూ రాయలేదు. రాయనక్కర్లేదని అనుకుని ఉంటారు. 'అది వాడిదే కదా' అన్నది మా ఇంట్లో గాలిలా ఉండేది, ఎవరూ నోటితో అనేవారు కాదు.

తమ్ముడు హైదరాబాదు నుంచి ఒక కాగితం టైపు చేయించి పంపాడు. తండ్రిగారి రివాల్వర్ మా సోదరుడి పేరున బదలాయించడానికి మాకు అభ్యంతరం లేదు అని. కింద నా పేరు, ఎదురుగా చుక్కలు. చెల్లెలి పేరు, ఎదురుగా చుక్కలు. తండ్రి స్వార్జితంలో కూతుళ్లకు సమాన వాటా 1956 నుంచే ఉంది. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని ఆడపిల్లలకు మన రాష్ట్రం 1985లో ఇచ్చింది, కేంద్రం 2005లో కూతుళ్లందరికీ ఇచ్చింది. చట్టాలు అలా వస్తూనే ఉన్నాయి. ఆ చుక్కల మీద అక్కచెల్లెళ్లు సంతకాలు పెడుతూనే ఉన్నారు. పొలాల మీద పెట్టారు, ఇళ్ల స్థలాల మీద పెట్టారు. ఆయుధం మీద కూడా పెట్టాల్సి వస్తుందని నేను ఊహించలేదు, అంతే.

నిజానికి మామూలు రోజుల్లో అయితే ఈ కాగితం గురించి ఇంత ఆలోచించేదాన్ని కాదు. అది వచ్చిన నెలలో మా ఇంట్లో ఒకామె ఉంటోంది. నేను గాజువాకలో ఒక్కదాన్నే ఉంటాను. పాతికేళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మేము నలుగురైదుగురం కలిసి, హింస భరించలేక ఇల్లు వదిలొచ్చిన ఆడవాళ్లకు నాలుగు రోజులు నీడ, కోర్టు దాకా తోడు ఇస్తుంటాం. దానికి పేరూ లేదు, బోర్డూ లేదు. ఆమె ఇద్దరు పిల్లలతో వచ్చింది. భర్త కాంట్రాక్టు పనివాడు. మూడో రోజు రాత్రి పదకొండుకి మా గేటు దగ్గర నిలబడి, ఆమెను తిట్టి, తర్వాత నన్ను తిట్టి, 'ముసల్దానివి, ఒక్కదానివి, నిన్నేం చేసినా అడిగే దిక్కు లేదు' అని వీధి వీధంతా వినేట్టు అరిచి వెళ్లాడు. రెండోసారి అరవలేదు. గేటు అవతల బీడీ కాల్చుకుంటూ గంటసేపు కూర్చున్నాడు. అరిచిన రాత్రి నాకు నిద్ర పట్టింది, కూర్చున్న రాత్రి పట్టలేదు.

ఫిర్యాదు రాసుకున్న ఎస్సై కుర్రవాడే, మర్యాదగానే మాట్లాడాడు. రాస్తూ రాస్తూ, "మీ నాన్నగారి లైసెన్సు వెపన్ ఉందన్నారు కదా మేడం, మీ పేరున మార్పించుకోండి, ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. ఫిర్యాదు చేయడానికి వెళ్లిన మనిషికి సలహాగా తుపాకి దొరికింది.

ఈ సంగతి విన్న తమ్ముడు మరో దారి చెప్పాడు. "ఆ పాతదేం చేసుకుంటావక్కా? బరువు. పేలుతుందో లేదో. దానికి స్పేరు పార్టులు కూడా దొరకవు. ఆడవాళ్ల కోసమని కొత్తది వచ్చింది, నిడర్ అని. పావుకిలో ఉంటుందంతే, పర్సులో పడుతుంది. డబ్బులు నేనిస్తాను, అది కొనుక్కో. పాతది నాన్న గుర్తుగా నా దగ్గరుంటుంది." వాడు ప్రేమగానే అన్నాడు. అందులో నాకు అనుమానం లేదు. కాకపోతే ఆ ప్రేమలో ఒక లెక్క కూడా ఉంది, వాడికి తెలిసో తెలియకో. మన దేశంలో మామూలు పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడం ఎనభైల నడుమ ఆగిపోయింది. ఆ ముందు వచ్చిన విదేశీ ఆయుధాలు ఎన్ని ఉన్నాయో అన్నే. కనక చేతులు మారిన కొద్దీ ధర పెరుగుతుంది. పనికిరాని పాతదని వాడు అంటున్నది బజార్లో కొత్తదానికంటే ఎన్నో రెట్లు పలుకుతుంది.

సరే, రెంటినీ చూద్దామని డీలరు దగ్గరికి వెళ్లాను. ఈ భాగం కాస్త వివరంగా చెబుతాను. ఇలాంటి వస్తువుల గురించి మనకు ఎవరూ చెప్పరు, మనమూ అడగం.

పాయింట్ 22ని రిమ్‌ఫైర్ అంటారు. పెద్ద తూటాల్లో మందుకు నిప్పు రాజేసే రసాయనం అడుగున నడిమధ్య ఉంటుంది. చిన్నదాంట్లో అది అడుగు అంచు లోపల చుట్టూ పరచి ఉంటుంది. తుపాకి సుత్తి వచ్చి ఆ అంచును చితక్కొట్టాలి, అప్పుడు అంటుకుంటుంది. అంచులో రసాయనం సరిగా చేరని చోట దెబ్బ పడితే తుస్సుమంటుంది. పెద్ద తూటాల కంటే వీటిలో ఈ తుస్సులెక్కువ. రివాల్వర్ అయితే మళ్లీ ట్రిగ్గర్ లాగితే పక్క తూటా వస్తుంది, అదొక ఊరట. అంచును చితక్కొట్టాలంటే సుత్తి బలంగా పడాలి. సుత్తి బలంగా పడాలంటే స్ప్రింగు గట్టిగా ఉండాలి. స్ప్రింగు గట్టిగా ఉంటే ట్రిగ్గర్ లాగే వేలికి అంత బలం కావాలి. అందుకే తూటా ఎంత చిన్నదైనా ఈ రివాల్వర్ల ట్రిగ్గర్ మాత్రం మొరాయిస్తుంది. నా కుడి బొటనవేలికీ చూపుడువేలికీ పదేళ్లుగా కీళ్లవాతం. సీసా మూత తిప్పడానికే రెండో చెయ్యి కావాలి.

డీలరు నాన్న రివాల్వర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. నన్ను ఆ గదిలోకి రానివ్వని వస్తువును అంత దగ్గరగా చూడటం అదే మొదలు. ముప్పాతిక కిలోకి దగ్గరగా ఉంటుంది. ఆయన సిలిండర్ పట్టుకుని అటూ ఇటూ కదిపి చూపించాడు. సుత్తి వెనక్కి లాగినప్పుడు అది గట్టిగా లాక్ అవాలి, ఊగితే తూటా గొట్టానికి సూటిగా ఉండదు, సీసం అంచుకు గీసుకుని పక్కలకు చిమ్ముతుంది. మాది కొద్దిగా ఊగింది. గొట్టం లోపల దీపం వేసి చూపించాడు, ఉప్పుగాలి తిన్న మచ్చలు రెండు మూడు ఉన్నాయి. సముద్రం పక్క ఊళ్లో నూనె రాయని ఏడాదే చాలు. సిలిండర్ అంచున ఒక చోట చిన్న గాటు. తూటా లేకుండా ఉత్తినే ట్రిగ్గర్ లాగితే, రిమ్‌ఫైర్‌లో సూది వచ్చి నేరుగా ఉక్కు అంచుకే తగులుతుంది. "ఎవరో చిన్నపిల్లలు టకటకా ఆడినట్టున్నారు మేడం" అన్నాడు. ఎవరో నాకు తెలుసు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి చెప్పాడు. పాతకాలపు చిన్న రివాల్వర్లలో చాలావాటికి సుత్తికీ తూటాకీ మధ్య అడ్డు ఉండదు. చేజారి సుత్తి మీద పడితే పేలవచ్చు. అందుకని సుత్తి కింద గదిని ఖాళీగా ఉంచాలి. తొమ్మిది పట్టేదాంట్లో ఎనిమిదే నింపాలి. కాల్చిన తొడుగులు తీయాలంటే మధ్యలో పిన్ను లాగి సిలిండర్‌ను మొత్తం ఊడదీయాలి. తయారు చేసిన పాత కంపెనీ 1986లోనే మూతపడింది.

ఆ తర్వాత కొత్త రకం గురించి చెప్పాడు. ఎనిమిది తూటాలు, తేలిక లోహం, పావుకిలో. నాన్నదాన్ని చేత్తో పట్టుకుంటే ఇది తుపాకి అని చెయ్యికి తెలుస్తూనే ఉంటుంది. కొత్తది బ్యాగులో వేసుకుంటే మర్చిపోయేంత తేలిక. మర్చిపోయేంత తేలికగా ఉండటం ఇలాంటి వస్తువుకి మంచి గుణమా అని నాకు వెంటనే అనిపించింది. పొట్టి గొట్టం కాబట్టి గురికి ఆధారం తక్కువ, బరువు లేదు కాబట్టి చెయ్యి వణికితే అదీ వణుకుతుంది. గది అవతలి గోడ దాకా పనికొస్తుంది, అంతే. ఉక్కు బరువు గురిని నిలబెడుతుందని, బరువంతా అసౌకర్యమే కాదని, కాలేజీ మైదానంలో బోర్లా పడుకున్ననాడే నాకు తెలుసు. వస్తువుగా చూస్తే నా ఓటు పాతదానికే, దాని మచ్చలతో సహా. భద్రంగా చూస్తే మాత్రం కొత్తదానికి వెయ్యాలి. డీలరు కూడా ఇంచుమించు అదే అన్నాడు. అమ్మకం కోసం అబద్ధం చెప్పలేదు, అది అతని మంచితనం.

'ఆడవాళ్ల తుపాకి' అన్న మాట నాకు కొత్తగా వినిపించింది గానీ అది కొత్తదేమీ కాదు. అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1902లో లేడీస్మిత్ అని ఏడు తూటాల పాయింట్ 22 రివాల్వర్ తెచ్చింది. అరచేతిలో ఇమిడేంత చిన్నది. 1921లో ఆపేసి, మళ్లీ 1989లో అదే పేరుతో ఆడవాళ్ల కోసమని ఇంకో రకం అమ్మింది. మన దగ్గర 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత, 2014 జనవరిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం నిర్భీక్ తెచ్చింది. పాయింట్ 32, ఆరు తూటాలు, అరకిలో బరువు, ధర 1,22,360 రూపాయలు. నగల పెట్టె లాంటి మెరూన్ రంగు పెట్టెలో పెట్టి ఇచ్చేవారు. చచ్చిపోయిన ఒక అమ్మాయికి పత్రికలు పెట్టిన పేరును పర్యాయపదంగా మార్చి తుపాకికి పెట్టారు. పెట్టె సంగతి చదివిన రోజున నాకు కోపం కంటే నవ్వే ఎక్కువ వచ్చింది. ఆడవాళ్ల చేతికి ఏదిచ్చినా నగల పెట్టెలోనే పెట్టివ్వాలని ఎవరికి తట్టి ఉంటుంది? 2016 ప్రాంతంలో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దానికి సగం బరువుతో, మూడో వంతు కూడా లేని ధరకు పాయింట్ 22 నిడర్ తెచ్చింది. నిర్భీక్ అన్నా నిడర్ అన్నా అర్థం ఒక్కటే, భయం లేనిది అని. 2021లో ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలుగా విడగొట్టాక, కాన్పూర్ కంపెనీ 2023 ఆగస్టులో ప్రబల్ అనే ఇంకో రివాల్వర్‌ను విడుదల చేసింది. అదీ ఆడవాళ్లకు అనువైనదనే ప్రచారం జరిగింది. ఒక ప్రభుత్వం వీధి దీపాలు వెయ్యగలదు, బస్సులు నడపగలదు, కేసులు త్వరగా తేల్చగలదు. వాటి బదులు లక్షా ఇరవై రెండు వేలకు ధైర్యం అమ్మింది. అదీ కొనగలిగిన వాళ్లకే. మా ఇంట్లో ఉన్నామె రోజు కూలి మీద అది ఎన్నాళ్ల జీతమో లెక్క వేయకుండానే తెలుస్తుంది.

నిర్భీక్ వచ్చినప్పుడే దాన్ని గట్టిగా ప్రశ్నించినవారిలో బీనాలక్ష్మి నేప్రమ్ ఒకరు. మణిపూర్‌లో తుపాకుల వల్ల భర్తల్ని, బిడ్డల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ల కోసం 2004 నుంచి పనిచేస్తున్న మనిషి. భర్తను కాల్చి చంపితే దిక్కులేనిదైన ఒక యువతికి కుట్టుమిషను కొనివ్వడంతో ఆ పని మొదలైంది. ఆడవాళ్లను ఆయుధాలు కొనుక్కోమనడమంటే వాళ్లను కాపాడలేకపోయామని ప్రభుత్వం ఒప్పుకోవడమేనన్నది ఆమె వాదన సారాంశం. తుపాకుల మధ్య బతికిన చోటు నుంచి వచ్చిన మాట కాబట్టి నాకు అది బరువైన మాటగా తోచింది. మనలో కొందరు స్నేహితులు దీనికి ఒప్పుకోరు. మగవాడి దగ్గర ఉంటే ఆయుధం, ఆడదాని దగ్గర ఉంటే ప్రమాదం అనడం కూడా పితృస్వామ్యమే కదా అంటారు. ఆ వాదన తేలికగా తీసిపారేయలేను. ఆదివారం పూట గది బయట నిలబడ్డ పదమూడేళ్ల పిల్ల ఇంకా నాలో ఉంది కాబట్టి.

కానీ ఆ తుపాకిని ఎవరి మీదకి ఎత్తాలి? జాతీయ నేర రికార్డుల బ్యూరో నివేదికలు చూస్తే, అత్యాచారం కేసుల్లో దాదాపు ఏటా పదింట తొమ్మిదికి పైగా నిందితుడు ఆమెకు తెలిసినవాడే. బంధువు, పక్కింటివాడు, యజమాని, పెళ్లి చేసుకుంటానన్నవాడు. చీకటి సందులో ఎదురయ్యే అపరిచితుడి కోసం తయారైన ఈ పావుకిలో వస్తువు, అన్నం తింటున్న భర్త దగ్గర ఎలా పనికొస్తుంది? అమెరికాలో జాక్వెలిన్ కాంప్‌బెల్ బృందం 11 నగరాల్లో పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. హింసించే మగవాడికి తుపాకి అందుబాటులో ఉంటే ఆ స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం ఐదు రెట్లని అది తేల్చింది.

అధ్యయనం సంగతి ఎత్తకుండానే మా ఇంట్లో ఉన్నామెను అడిగాను. నేను రివాల్వర్ తెస్తే నీకు ధైర్యంగా ఉంటుందా అని. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆపకుండానే అంది: "ఇంట్లో ఏటున్నా ముందు ఆడి సేతికే అందుతాది అమ్మగారూ. రోకలి నాను దంచుకోడానికని కొనుక్కున్నాను. దెబ్బ నానే తిన్నాను." కాస్త ఆగి, "మీకైతే వేరేమో" అంది. ఆ 'వేరేమో'లో ఎగతాళి లేదు. నాకు వేరేనా అని మాత్రం నేను చాలాసేపు ఆలోచించాను. లైసెన్సు పెట్టుకోగల, డీలరు చేత కుర్చీ వేయించుకోగల, ఎస్సై చేత మేడం అనిపించుకోగల మనిషికి బహుశా కొంత వేరే. కానీ ఆమె మా ఇంట్లో ఉన్నంతకాలం ఆ గేటు అవతల కూర్చున్నవాడు గోడ దూకితే, నా కీళ్లవాతం వేలు ఆ ట్రిగ్గర్ లాగేలోపు అది ఎవరి చేతిలో ఉంటుంది? పిల్లలిద్దరూ నా మంచం కిందే దాగుడుమూతలు ఆడుతున్నారు.

తుపాకి అంటే ధైర్యం అనే మాట నేను ఈ ప్రాంతంలో ఉండి వినడం నాకు ఇంకొక రకంగా కూడా కష్టం. 2007 ఆగస్టు 20న వాకపల్లికి వచ్చినవాళ్ల దగ్గర మంచి తుపాకులే ఉన్నాయి. ఆ రోజు గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని కోదు తెగ ఆడవాళ్లు 11 మంది చెప్పారు. ఆ మాట నిలబెట్టుకోవడానికి పదహారేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. మన పత్రికల్లో, మన సభల్లో ఎందరం రాశాం, మాట్లాడాం. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు పోలీసులు 13 మందినీ నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదంది, ఆ ఆడవాళ్లకు పరిహారం ఇవ్వమంది. నేరం రుజువు కాలేదు గానీ పరిహారం ఇవ్వాలి. ఆ తీర్పు కొండ మీద ఆ ఆడవాళ్లకు ఏ భాషలో ఎలా అర్థం చేయించి ఉంటారా అని నేను ఇప్పటికీ అనుకుంటాను. వాళ్లను నిడర్ కొనుక్కోమని ఎవరూ అనలేదు. వాళ్ల చేతిలో ఆయుధం కనిపిస్తే దాని పేరు ఆత్మరక్షణ అయి ఉండేది కాదు.

ఇంకో తుపాకి సంగతీ ఉంది. 2019 నవంబరు 27న శంషాబాదు దగ్గర పశువైద్యురాలి మీద జరిగిన దారుణం తర్వాత, డిసెంబరు 6న నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. పోలీసుల మీద పూలు చల్లారు. మా వీధిలో కూడా మిఠాయి పంచారు, నేను తీసుకోలేదు. నిందితులు తుపాకులు లాక్కుని కాల్చారన్న కథనాన్ని నమ్మలేమని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. అప్పటికి పూలు చల్లినవాళ్లు వేరే పనుల్లో ఉన్నారు. మన పేరు మీద తుపాకి పేల్చడానికి అందరూ సిద్ధమే. వాకపల్లి ఆడవాళ్ల పేరు మీద మాత్రం పోలీసులు వేలిముద్రల పరేడ్ కూడా సరిగ్గా జరపలేకపోయారు అని ఒక స్నేహితురాలు విసుక్కుంది. మాట కాస్త అటూ ఇటూ అయినా కోపం సరైనదే.

అయినా ఈ ఊళ్లో ప్రాణభయంతో ఆడవాళ్లు పరుగెత్తడం నేను కళ్లారా చూసింది 2020 మే 7 తెల్లవారుజామున. ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వదిలిన రాత్రి. మా పిన్ని కూతురు చంటిబిడ్డను భుజాన వేసుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తింది. ఆ భయానికి ఏ కాలిబరు సరిపోతుందో నాకు తెలియదు.

చివరికి ఏం చేశానంటే, తమ్ముడి కాగితం మీద సంతకం పెట్టలేదు. నిడర్ కొనడానికి వాడిస్తానన్న డబ్బు తీసుకోలేదు. పాత రివాల్వర్‌కు వారసురాలిగా నా పేరున దరఖాస్తు పెట్టాను. చెల్లెలు ఫోన్‌లో పావుగంట నవ్వి, తర్వాత తన సంతకం పెట్టి కొరియర్ చేసింది. లైసెన్సు వచ్చినా సరే, ఆమె, పిల్లలు మా ఇంట్లో ఉన్నంతకాలం దాన్ని ఇంటికి తీసుకురాను. డీలరు దగ్గరే అద్దె కట్టి ఉంచుతాను. తూటాలు కొనను. ఆ ఊగే సిలిండర్‌ను బాగు చేయించడం కుదురుతుందేమో మాత్రం కనుక్కుంటాను, ఉక్కు వస్తువు అలా పాడైపోవడం నాకు ఇష్టం లేదు. శిక్షణ సర్టిఫికెట్ కావాలన్నారు. నలభై ఏళ్ల తర్వాత మళ్లీ పేల్చాలి. దానికి నాకు బెంగ లేదు, నిజం చెప్పొద్దూ, కొంచెం సంతోషంగా కూడా ఉంది.

గేటు సంగతి వేరుగా చూసుకున్నాం. 2005 గృహహింస చట్టం 18వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ దగ్గర రక్షణ ఉత్తర్వు తెచ్చుకున్నాం. అతను ఆమె ఉన్న చోటికి రాకూడదు. ఉత్తర్వు కాపీ ఆ ఎస్సై చేతికే ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాం. మా నలుగురిలో ఒకరు రోజు మార్చి రోజు వచ్చి పడుకుంటున్నారు. ఎదురింటి స్టీలు ప్లాంటు రిటైర్డ్ ఫోర్‌మన్ గారు తన ప్రహరీ మీద మా గేటు వైపుకి పెద్ద దీపం బిగించారు, అడగకుండానే. దాని వెలుతురు నా పడకగది కిటికీలో పడి నిద్ర పట్టడం లేదు గానీ, ఆ మాట ఆయనతో అనలేదు. అతను ఆ తర్వాత ఒకసారి వచ్చాడు. దీపం కింద రెండు నిమిషాలు నిలబడి వెళ్లిపోయాడు.

దరఖాస్తు ఫారంలో ఆయుధం ఎందుకు కావాలో రాయాలి. వారసత్వం అని రాశాను. కౌంటర్ దగ్గర గుమాస్తా చదివి, "ఆత్మరక్షణ అని కూడా రాయండి మేడం. ఒంటరి మహిళ అంటే పైన బేగి చూస్తారు" అన్నాడు. వద్దన్నాను. ఆయన భుజాలెగరేసి నంబరు వేశాడు. ఇంకో వారసుడి అంగీకారం జత చేయలేదేమని అడిగాడు. హైదరాబాదులో ఉంటాడు, కాగితం పంపించాను అన్నాను. పంపించి రెండు నెలలైంది. అదే నమూనా, మావాడు టైపు చేయించిందే. పేర్లు మాత్రం మార్చాను. వాడి పేరు ఎదురుగా చుక్కలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.